గుట్టకు ఉత్తరం పక్క

ఎండాకాలం వస్తే సుగటూరులో చాలామంది మునిలక్ష్మమ్మ గడప తొక్కేవాళ్ళు. ఒళ్ళు వేడి చేసిందన్నవాళ్ళకు ఆమె సుగంధి వేరు దంచి, కషాయం కాచి ఇచ్చేది. నలభై ఏళ్ళుగా ఆ వేరు గుట్ట అడుగునే దొరికేది. మూడేళ్ళుగా ఎండలు ముందే ముదురుతున్నాయి, వానలు అదను తప్పి కుమ్మరించి పోతున్నాయి. ఈ ఏడు పొద్దంతా తిరిగినా ఒక్క తీగా కనబడలేదు.

ఆ వారమే కోలారు కాలేజీలో మొక్కల పాఠం చెప్పే రంజని గుట్ట చూడటానికి వచ్చింది.

"వేడి పెరిగితే కింద పడిన విత్తనం బతకదవ్వా. చల్లగా ఉండే చోటే నిలుస్తాది. పైన, ఉత్తరం పక్క చూడాల."

"పైకి పోతా పోతా గుట్టే అయిపోతే?"

రంజని తలెత్తి గుట్ట కొన వైపు చూసింది.

మర్నాడు ఇద్దరూ ఎక్కారు. ఉత్తరం పక్క బండల నెర్రెలో పదకొండు తీగలు కనిపించాయి. మునిలక్ష్మమ్మ గునపం ఎత్తి, మళ్ళీ దించేసింది.

"ఇప్పుడు తవ్వితే ఈ ఏటితో సరి."

కాయలు పగిలితే విత్తనం దూదితో ఎగిరిపోతుందని ఒక్కో కాయకూ పాత చీర పేలిక కట్టింది.

ఊళ్ళో, ఏటా కషాయానికి వచ్చే చిక్కవెంకటప్ప కోప్పడ్డాడు. "మందు దాచిపెట్టినావా అమ్మా?"

"దాచలేదప్పా, బతకనిస్తా ఉండాను. మొలిచినాక రా."

కాయలు ముదిరాక ఆమె విత్తనం తీసి బండల పక్కన చల్లింది. ఆ మొదటి విత్తనాలను అదను కాని దొంగవాన కొట్టుకుపోయింది. ఆమె ఇంటికొచ్చి పొయ్యి వెలుగులో మిగిలినవి ఏరి పెట్టింది. తెల్లారి ఆ విత్తనాల మూట కొంగున కట్టుకుంది.

"మోకాళ్ళ నొప్పితో ఇంగ యాడికత్తా?" అని కోడలు ప్రేమ అడ్డం నిలబడింది.

"మొక్కకు కాళ్ళు లేవు. నాకుండాయి కదా!"

ప్రేమ గంప ఎత్తుకుని వెంట నడిచింది. ఇద్దరూ బండల నీడన రాళ్ళు పేర్చి, మట్టి నిలిచేలా చిన్న కట్టలు కట్టారు. మామిడితోపులో కూడా కొన్ని విత్తారు కానీ, అక్కడ ఒక్కటీ లేవలేదు. గుట్టమీద మాత్రం ఇరవైమూడు మొలిచాయి. మరుసటి ఎండాకాలమంతా ప్రేమ వారానికి రెండుసార్లు బిందెతో నీళ్ళు మోసింది.

వానలు మొదలయ్యేసరికి తొమ్మిది బతికి ఉన్నాయి. మునిలక్ష్మమ్మ ఒక్కొక్క ఆకునూ తడిమి చూసింది.

"తొమ్మిదేనా అత్తా?" అంది ప్రేమ.

"తొమ్మిది ఉండాయి," అని ఆమె పై బండ పట్టుకుని ఎక్కసాగింది. అక్కడ పాత తీగలు మళ్ళీ కాయలు కడుతున్నాయి.