లేరన్నవాళ్ల కొలతలు

దర్జీ పొద్దున్నే షట్టర్ ఎత్తి, మిషన్‌కు రెండు చుక్కల నూనె వేసి, టేపు మెడలో వేసుకునేవాడు. తను కుట్టే చొక్కాకి ఎడమ చెయ్యి అరంగుళం పొట్టి పడుతుందని తనే ముందు చెప్పి నవ్వేవాడు. లేకపోతే కుట్టించుకున్నవాళ్లు చెబుతారని భయం.

మార్కెట్ మీద బాంబులు పడ్డ రోజు దగ్గరపడితే మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకునేవాడు. అద్దం ముందు ఖాళీలో టేపు పడితే, అది భుజాల మీద ఆగేది, నడుం చుట్టూ తిరిగేది. అలా ఆ బాంబులకు పోయిన ముప్పై ఏడుగురూ ఏటా కొలతలిచ్చి వెళ్లేవారు. పెద్దవాళ్లవి మారేవి కావు.

"నీ కూతురు మళ్లీ రెండంగుళాలు పెరిగిందిరా," అంది అక్క, కొలతలు రాస్తూ.

"మేనత్త పోలిక. చెబితే ఆగుతుందా?"

ఆ రోజు మార్కెట్లో జనమే లేరని ప్రభుత్వం మాట. వీధివాళ్లు పేర్ల పలక పెడితే పీకించారు, పూలు పెడితే ఊడ్పించారు. అందుకని ఏటా ఆ రోజున వీధిలో తాళ్లు కట్టి, ఆ కొలతలకు కుట్టిన ముప్పై ఏడు జతల బట్టలు ఆరేస్తున్నారు. గాలి లేకపోయినా అవి నిండుగా నిలబడతాయి.

ఈసారి అధికారి వచ్చాడు.

"సభకు అనుమతి లేదు, ఊరేగింపు నిషేధం. కొట్టుకి సీలేస్తాను."

"సభేంటి సార్, బట్టలారేశాం. సీలంటారా, వెయ్యండి. నా కుట్టు తొడిగినవాళ్లు మీకు దండం పెడతారు."

"జప్తు చెయ్యవయ్యా!" అన్నాడు అధికారి గుమాస్తాతో.

గుమాస్తా ఓ చొక్కా మడవబోయాడు. మడత పడలేదు. వెచ్చగా ఉంది.

"మూటకి రావు సార్. నడిపించాలి."

"నడిపించు! ముందు జాబితా రాయి."

జప్తు ఫారంలో యజమాని పేరుకో గడి, చిరునామాకో గడి ఉన్నాయి. ఖాళీగా వదిలితే పైఆఫీసు తిప్పి పంపుతుంది. వీధంతా వరుస కట్టింది. తల్లులు చెప్పారు, తమ్ముళ్లు చెప్పారు. పళ్లబండి ఆయన రెండు పేర్లు చెప్పాడు.

"గట్టిగా చెప్పండి," అన్నాడు గుమాస్తా. పక్కవీధికి వినపడేలా చెప్పారు.

చివర నీలం గౌను మిగిలింది. దర్జీ పేరు చెప్పాడు.

"వయసు?"

"పోయినప్పుడు ఆరు. ఇప్పుడు పన్నెండు."

"చిరునామా?"

"మార్కెట్. ఆ రోజు నుంచీ అక్కడే."

గుమాస్తా అధికారి వైపు చూడలేదు. రాసేశాడు. ఎండకి విసిగిన అధికారి చదవకుండా ముద్రలు గుద్దుకుంటూ పోయాడు.

"మైనరు కదా," గుమాస్తా కలం చాపాడు, "తండ్రి సంతకం కావాలి."

ఆరేళ్లుగా ఏ ఆఫీసూ దర్జీని ఆ మాట అనలేదు. పూర్తి పేరుతో, తొందర పడకుండా పెట్టాడు.

తర్వాత ఊరేగింపు నిషేధమన్న అధికారే ఆఫీసు వైపు అందరికంటే ముందు నడిచాడు. వెనక ముప్పై ఏడు జతలు నడిచాయి, వాటి వెనక వీధంతా నడిచింది. దర్జీ మాత్రం గౌను చెయ్యి పట్టుకుని, దాని అడుగులో అడుగేస్తూ వెళ్లాడు.