తలుపుకు ఆనిన భుజం

“మళ్ళీ జ్వరమా?” అన్నాడు భర్త, మళ్ళీ కరెంటు పోయిందా అన్నట్టు. నెలలో ఇది మూడోసారి. ఆమె పొయ్యి మీది గిన్నె దించింది. “మా రోజుల్లో జ్వరమొచ్చిన సంగతి తగ్గాక గానీ తెలిసేది కాదమ్మాయ్,” అంది అత్తగారు, కూర్చున్న చోటి నుంచే. అంట్లు తోమి, బట్టలు ఆరేసి, నోటిపూతతో మంచినీళ్ళు కూడా మింగలేక, ఆమె బస్సెక్కింది.

ఆమె ఒక ప్రయోగశాలలో టెక్నీషియన్. మైక్రోవేవ్ కిరణాలు సోకితే ఒంట్లో రోగాలతో పోరాడే తెల్లకణాలు తగ్గుతాయా అన్నది అక్కడి పరిశోధన. ఎలుకల్ని ఇనప పెట్టెలో పెట్టి రోజూ రెండు గంటలు కిరణాలు వదలడం, తర్వాత వాటి నెత్తురు చుక్కను మైక్రోస్కోపు కింద పెట్టి కణాలు లెక్కించడం ఆమె పని. పెట్టె తలుపు గొళ్ళెం ఊడి నాలుగు నెలలైంది. “కాస్త ఒత్తిపట్టుకో అమ్మా, రెండు గంటలేగా!” అన్నారు పెద్దసారు. ఇంట్లో ఏది ఊడినా తానే ఒత్తిపట్టుకోవడం అలవాటైన మనిషి. ఆ రోజు నుంచీ తలుపుకు భుజం ఆనించి నిలబడుతోంది.

కణాలు మరీ తగ్గిన ఎలుకను వేరే గూట్లో పెట్టాలి. మెత్తటి గడ్డి, మసక వెలుతురు, రెండు వారాలు దాని జోలికెవరూ పోకూడదు. ఆ చీటీ రాసి అంటించేదీ ఆమే. ఇవాళ అంటిస్తుంటే, గూళ్ళు కడిగే ముసలామె ఆమె చెయ్యి పట్టుకుంది.

“కాలిపోతున్నావు కదే! దాని నెత్తురు చూస్తావు, నీది చూసుకోవేం తల్లీ?” అని స్టూలు లాక్కొచ్చి కూర్చోబెట్టింది. తనను కూర్చోమని ఎవరైనా అని ఎన్నాళ్ళయిందో! ఆమెకు కళ్ళు చెమర్చాయి. వేలు గుచ్చుకుని చుక్క తీసింది. రెండుసార్లు లెక్కపెట్టింది. మనిషికి ఉండాల్సిన దాంట్లో సగం కూడా లేవు.

పెద్దసారు ఆమె లెక్క రాసిచ్చిన కాగితం చూసి వెనక్కిచ్చేశారు. “దీనివల్లేనని ఎలా చెప్తాం? ఎలుకల విషయమే ఇంకా తేలలేదు. ఇంటిపని ఎక్కువై ఉంటుందిలే.”

అక్కడే నిలబడి భర్తకు ఫోన్ చేసింది. “ఇంటిపనా? ఇక్కడ నువ్వు చేసేదేముంది? అంతా ఆ మిషను మహిమే. సరేగానీ, వచ్చేటప్పుడు అమ్మ మందులు పట్రా.”

ఆమెకు నీరసంలోనూ నవ్వొచ్చింది. తన జబ్బు వాళ్ళిద్దరికీ పక్కవాడి వాకిట్లోకి ఊడ్చేయాల్సిన చెత్త. దేనివల్ల వచ్చిందో నిజంగా తనకూ తెలియదు. తెలియనప్పుడు ఏం చెయ్యాలో మాత్రం ఇన్నేళ్ళ ఉద్యోగంలో బాగానే నేర్చుకుంది.

“మందులు మీరే తెచ్చుకోండి. నేను అక్క దగ్గరికి వెళ్తున్నాను,” అంది, ఎదురుగా ఉన్న సారుకూ వినపడేలా. “దేనివల్లో తేలలేదుగా. రెండు వారాలు రెండు పనులూ మానేస్తున్నాను.”