నొప్పి లేని బొటనవేలు

మృగశిర కార్తె వచ్చిందంటే అనంతపురం జిల్లా పామిడి చుట్టుపక్కల పల్లెల్లో ఆడవాళ్ల బొటనవేళ్లకు తీరిక ఉండదు. విత్తనపు వేరుశనగ కాయలు తడిపి, గోటితో నొక్కి వొలవాలి. వరుస కరువుల తర్వాత, రెండువేల నాలుగులో, రామాంజినమ్మ ఇంటి పంచలోనూ కుప్ప చుట్టూ ఆడవాళ్లు కూర్చున్నారు. రామాంజినమ్మ ఎడమచేత్తో వొలుస్తోంది. కుడి బొటనవేలికి నిమ్మకాయ తొడిగి ఉంది.

"మా వదినకు కిరీటం పెట్టినాం సూడండప్పా!" అని నవ్వింది ఆడబిడ్డ బయమ్మ. "చీము దిగేదాకా తియ్యొద్దు వదినా."

గోరుచుట్టుకు నిమ్మకాయ మన ఇళ్లలో పాత వైద్యమే. కానీ రామాంజినమ్మకు చక్కెర జబ్బు ఉందని కిందటేడే తేలింది. ఆ తర్వాత గోళ్లు పచ్చబారి మందమైనా, కాలివేళ్ల సందులు చెమ్మకు ఒరిసి పుండ్లు పడినా, ఆ జబ్బు వల్లనేమో అని ఎవరూ అనుకోలేదు.

"అత్తా, ఆస్పత్రికి పోదాం రా," కోడలు మహేశ్వరి మళ్లీ అడిగింది.

"నొప్పే లేదు కదమ్మీ. ఊరికే ఎందుకు?"

"రాగి సంగటి తినేటోళ్లకు చక్కెర జబ్బేంది? అది కూచోని తినేటోళ్లకు," అంది బయమ్మ.

మహేశ్వరి విసిగిపోయి మామ పుల్లన్న దగ్గరికి వెళ్లింది. ఆయన విత్తనం వేసే గొర్రు బిగిస్తున్నాడు.

"ముందు విత్తనం పడనీమ్మా. నేలలో పదును పోతే మళ్లా వస్తాదా?"

"వేలు పోతే వస్తాదా మామా?"

ఆయన గొర్రు తాడు ఇంకో చుట్టు బిగించాడు.

వాన పడింది. విత్తనం పడింది. నిమ్మకాయ తీసేసరికి వేలు నల్లబడి, వాసన వేస్తోంది. అప్పుడు గానీ ముగ్గురూ ఆస్పత్రికి బస్సెక్కలేదు.

వేలి పై కణుపు తీసేయక తప్పదని డాక్టరమ్మ చెప్పగానే పుల్లన్న భార్య మీద విరుచుకుపడ్డాడు. "నొస్తాండాదని ఒక్క మాటైనా అంటివా?"

"ఆమెకు తెలిస్తే కదా పెద్దాయనా!" అంది డాక్టరమ్మ. "చక్కెర చాన్నాళ్లు ఎక్కువగా ఉంటే వేళ్లకు స్పర్శ తగ్గిపోతుంది. లోపల కుళ్లుతున్నా నొప్పి తెలియదు. మీ సేద్యం పనులు అయ్యేదాకా చీము ఆగుతుందా?"

"ఇంక కాయలెట్ల వొలిచేదమ్మా?" అంది రామాంజినమ్మ.

మహేశ్వరి అత్త కాళ్లు ఒళ్లోకి తీసుకుని, ఒక్కొక్క వేలి సందూ విడదీసి చూసింది. చిటికెనవేలి పక్కన చర్మం చీలి, చెమ్మగా ఉంది.

"డాక్టరమ్మా, ఇది కూడా ఇప్పుడే చూడండి."

ఇంట్లో ఎవరికైనా చక్కెర జబ్బు ఉంటే, నొప్పి ఉందా అని అడిగి ఊరుకోకండి. వాళ్ల చేతులూ కాళ్లూ పట్టుకుని మీ కళ్లతో చూడండి.