బీడీ వంతు

సంచిలో రెండు లుంగీలు, తుండుగుడ్డ, గాలి పీల్చే మందు, ఎక్స్‌రే కవరు పెట్టాను. ఎవరు ఊరికి పోతున్నా సంచి నేనే సర్దుతాను. మళ్ళీ నేనే దాన్ని విప్పేదాకా నిద్ర ఉండదు. అన్నిటికీ అడుగున ఒక చీటీ పెట్టాను.

"ఏందమ్మా ఆ కాయితం?" దగ్గుతూనే అడిగాడు నా కొడుకు బ్రహ్మాజీ.

"నీ చొక్కా ఉతికేటప్పుడు జేబులో దొరికింది. నడువు, బస్సు పోద్ది."

రాసిన కాయితం పారేయడం నాకు చేతకాదు. పొట్లాల మీది అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నదాన్ని.

బ్రహ్మాజీ నకరికల్లు దగ్గర క్వారీలో పదహారేళ్ళు తూటాలు పెట్టి రాయి పేల్చాడు. ఊపిరితిత్తుల నిండా రాతిపొడి. పరిహారం కోసం కేసు వేస్తే, క్వారీ డాక్టరు జబ్బుకు వంతులు వేశాడు. సగం బీడీల వల్ల, పావు అంతకుముందు చేసిన క్వారీ వల్ల, పావు మాత్రమే తమ వల్లనట! అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు నా బిడ్డ రొమ్మును పంచారు. బీడీల సంగతి ఆ డాక్టరుకు చెప్పింది నేనే. "తాగుతాడా?" అంటే "రోజుకో కట్ట" అన్నాను. నిజం చెబితే మంచి మందు ఇస్తాడనుకున్నాను.

గుంటూరులో కార్మిక శాఖ ఆఫీసరు దగ్గర విచారణ. క్వారీ మేనేజరు త్రికోటేశ్వరరావు నవ్వుతున్నాడు. "ఆయన అలవాటుకి మేమేం చేస్తాం సార్? నోట్లో బీడీ మేం పెట్టామా?"

"పెట్టావయ్యా!" అని లేచాను. క్వారీలో సరుకిచ్చిన చీటీ తీసి పైకి చదివాను. "తూటాలు ఇరవై. వత్తి చుట్ట ఒకటి. బీడీ కట్ట ఒకటి. కింద సంతకం నీదే!"

"తూటాలతో బీడీలెందుకు?" అన్నారు ఆఫీసరు.

బ్రహ్మాజీ ఊపిరి కూడదీసుకున్నాడు. "అగ్గిపుల్ల గాలికి ఆరిపోద్ది సార్. బీడీ నిప్పుతో తూటాల వత్తులంటించి ఉరకాల. ఇరవై అంటుకునేదాకా బీడీ పీలుస్తానే ఉండాల."

"ఈ క్వారీకి పోకముందు వీడు బీడీ ఎరగడు," అన్నాను.

"పనోళ్ళు సంతోషపడతారని ఇచ్చాం సార్..."

"సంతోషానికైతే మిఠాయి పొట్లం ఇవ్వకపోయావా? తూటాల పక్కన రాశావేంది?"

మేనేజరు నవ్వు ఆగింది. ఆఫీసరు చీటీ తన దగ్గర పెట్టుకుని, బ్రహ్మాజీని ఆ రోజే ప్రభుత్వ డాక్టర్లకు చూపించమన్నారు. ఆసుపత్రిలో చేర్చుకున్నారు. మగవాళ్ళ వార్డులో రాత్రిళ్ళు నన్ను ఉండనివ్వలేదు.

"ఇంటికి పోమ్మా. మూడు రోజుల్లో వస్తాగా," అన్నాడు. సంచి వాడి మంచం కింద పెట్టి వచ్చాను.

ఏప్రిల్లో తీర్పు కాగితం పోస్టులో వచ్చింది. బీడీ వంతు కూడా క్వారీదేనని రాశారు. ఆ ముక్క దగ్గర వేలు పెట్టి రెండుసార్లు చదివాను. వినాల్సినవాడు లేడు.

నా కొడుకు బ్రహ్మాజీ తిరిగి రాలేదు. 2024 ఫిబ్రవరి 9, శుక్రవారం పొద్దున, గుంటూరు ఆసుపత్రిలో చనిపోయాడు.