దుర్గ చేతి పసుపు

పెళ్ళిపనులు మొదలుపెట్టే రోజున పసుపు రోట్లో మొదటి పోటు ఎవరు వెయ్యాలన్నది మీనాకుమారి ఇంట్లో ఎప్పుడో తేలిపోయిన విషయం. కూతురు శ్రీదివ్యను ఉయ్యాల్లో వేసిన రోజునే ఆడపడుచు వెంకటదుర్గ ఉయ్యాల గొలుసు పట్టుకుని, "దీని పెళ్ళికి రోకలి ముందు నా చేతికే ఇవ్వాలి వదినా. ఇంకెవరికిచ్చినా ఊరుకోను," అంది. మీనాకుమారి నవ్వి, "నీ చేతికి కాక ఇంకెవరి చేతికిస్తానమ్మా," అంది.

అప్పటికి దుర్గ సినిమాల్లో చేరి కొద్దికాలమే అయింది. కాలేజీలో నాటకం వేసి కప్పు తెచ్చుకున్న పిల్ల. గోదావరి లంకల్లో షూటింగుకి వచ్చినవాళ్ళు హీరోయిన్ పక్కన స్నేహితురాళ్ళు కావాలంటే సరదాగా వెళ్ళి నిలబడింది. అందులో ఎవరికో ఆ కళ్ళు నచ్చాయి. కొబ్బరికాయల వ్యాపారం చేసుకునే ఇంట్లో ఆడపిల్ల సినిమాలకి వెళ్ళడమేంటని బంధువులు ముక్కున వేలేసుకుంటే, అన్నగారు నాగేశ్వరప్రసాద్ ఆ రోజు దుకాణం మూసి మరీ చెల్లెల్ని హైదరాబాదు రైలెక్కించారు.

రెండు సినిమాల్లో హీరోయిన్ అయింది. మొదటిది ఆడలేదు, రెండోది విడుదల కాక డబ్బాల్లోనే ఉండిపోయింది. తరవాత హీరోకి చెల్లెలు, ఆ తరవాత వదిన, నలభై రాకుండానే తల్లి. తనకంటే వయసులో పెద్దవాడైన హీరోకి అన్నం కలిపి పెడుతూ కన్నీళ్ళు పెట్టుకున్న సీను చూడలేక ప్రసాద్ గారు సినిమా హాల్లోంచి మధ్యలో లేచొచ్చి సైకిల్ స్టాండులో కూర్చున్నారు. ఎడిటింగ్ చేసే యుగంధర్ని పెళ్ళి చేసుకుని దుర్గ స్థిమితపడింది. పిల్లల్లేరు. వేసవి సెలవలొస్తే శ్రీదివ్య హైదరాబాదులో అత్త దగ్గరే ఉండేది.

క్రమంగా ఆ తల్లి వేషాలు కూడా తగ్గిపోయాయి. ఫోను మోగని ఇల్లు ఎలా ఉంటుందో దుర్గ ఒకసారి చెప్పింది. "మోగితే కరెంటు బిల్లువాడైనా బాగుండునని ఉంటుంది వదినా."

అలాంటప్పుడు టీవీ సీరియల్‌లో పెద్ద వేషం వచ్చింది. జమీందారింటి పెద్దావిడ. భర్త పోయినా ఇంటిని గుప్పిట్లో పెట్టుకున్న అత్తగారు. కథ మొదలయ్యేసరికే విధవరాలు. తెల్లచీర, నుదుటి మీద విబూది తప్ప ఇంకేమీ ఉండదు. అక్కడ దుర్గ ఆగిపోయింది. వాళ్ళమ్మ పోవడానికి కొన్నాళ్ళ ముందు చేయి పట్టుకుని, "ఏ వేషమైనా వెయ్యవే, బొట్టు లేని వేషం మాత్రం వెయ్యకు," అని మాట తీసుకుంది.

దుర్గ మీనాకుమారికి ఫోన్ చేసింది. "అమ్మ ఉంటే అడిగేదాన్ని. ఇప్పుడు నువ్వే చెప్పు వదినా. వెయ్యనా, మాననా?"

మీనాకుమారి రోజూ దీపం పెట్టనిదే కాఫీ తాగని మనిషి. సోమవారం సోమవారం క్షీరారామలింగేశ్వరుడికి పాలు తీసుకెళ్ళే మనిషి. అయినా ఆవిడ, "వేషమేగా అమ్మా. నీ నుదుటిన ఏముందో దేవుడికి తెలీదా," అంది. దుర్గ ఫోన్లో ఏడ్చింది. మర్నాడు ఒప్పుకుంది.

ఆ వేషమే దుర్గని ప్రతి ఇంటికీ తీసుకెళ్ళింది. సినిమాల్లో ఎన్నేళ్ళు చేసినా రాని పేరు తెల్లచీర కట్టాక వచ్చింది. పాలకొల్లు మార్కెట్లో కూరగాయల ఆమె కూడా మీనాకుమారిని ఆపి, "మీ ఆడపడుచుగారిని ఆ కోడలిపిల్లనట్టా ఏడిపించొద్దని చెప్పండమ్మా," అనేది.

*

పసుపు దంచే రోజు ఉదయం వసారాలో రోలు కడిగి పసుపు రాసి బొట్లు పెట్టారు. రోకలికి కొత్తగుడ్డలో పసుపుకొమ్ము కట్టారు. ముత్తయిదువలు ఒక్కొక్కరే వస్తున్నారు. దుర్గ రాజమండ్రి నుంచి కారులో వచ్చింది. సీరియల్ వాళ్ళు అక్కడే గోదావరి ఒడ్డున పాత బంగళా తీసుకుని షూటింగ్ చేస్తున్నారు. దార్లో కడియంలో ఆగి గంపెడు చామంతులు తెచ్చింది. ఆకుపచ్చ పట్టుచీర, చేతినిండా గాజులు, నుదుటిన రూపాయంత బొట్టు.

"అత్తా, నువ్వొచ్చావంటే నా పెళ్ళి మొదలైపోయినట్టే," అని శ్రీదివ్య మెడకి చుట్టుకుంది.

"మీ అమ్మ రోకలి దాచేసిందేమోనని భయపడుతూ వచ్చానే."

పెళ్ళికొడుకు తరఫున అతని మేనత్త రాణిగారు వచ్చారు. మాట మృదువు, నవ్వు తియ్యన. దుర్గ చేతులు పట్టుకుని చాలా ఆప్యాయంగా పలకరించి, తరవాత మీనాకుమారి పక్కకి జరిగి గొంతు తగ్గించారు.

"ఏమీ అనుకోకండి. రాత్రి ఎపిసోడ్‌లో ఆవిడ వాళ్ళాయన ఆబ్దికం పెట్టే సీను చూశామండి. అందరం ఏడ్చాం. పొద్దున్నే ఆవిణ్ణిలా చూస్తుంటే అదే గుర్తొస్తోంది. నాకేమీ పట్టింపు లేదండి. మా వదినగారే ఇలాంటివి కొంచెం చూస్తారు."

అంతే. ఇంకొక్క మాట అనలేదు.

వసారా తలుపు వెనక ప్రసాద్ గారి పెద్దమ్మ సత్యకుమారి స్టూలు వేసుకుని కూర్చుంది. భర్త పోయినప్పటి నుంచి శుభకార్యం దగ్గర ఆవిడ చోటు అదే. ఎవరూ పొమ్మనలేదు, ఎవరూ రమ్మననూ లేదు. మీనాకుమారి చూపు ఆ తలుపు మీద పడి మళ్ళీ దుర్గ మీదకి వచ్చింది. మనసులో ఏదో పురుగు తొలిచింది. ఇన్నేళ్ళు రోజూ తెల్లచీర కట్టిన మనిషి. పిల్ల జీవితం. పెళ్ళివారి మాట. దేవుడు వేషాన్ని చూడడు, నిజమే, కానీ మనుషులు చూస్తారుగా.

పంతులుగారు, "కానివ్వండమ్మా," అన్నారు. దుర్గ చీర చెంగు బొడ్లో దోపుకుని ముందుకు వచ్చింది.

మీనాకుమారి రోకలి పట్టుకునే నిలబడి, చాలా మామూలు గొంతుతో, "దుర్గా, ఒక్కసారి వంటింట్లో పాలు పొంగుతాయేమో చూసి రామ్మా," అంది.

దుర్గ ఒక్క క్షణం వదినగారి ముఖంలోకి చూసింది. "అలాగే," అని లోపలికి వెళ్ళింది.

మీనాకుమారి రోకలి రాణిగారి చేతికిచ్చింది. మొదటి పోటు పడింది. ముత్తయిదువలు సువ్వి పాట అందుకున్నారు. శ్రీదివ్య తల్లివైపు తిరిగి ఏదో అడగబోయి, ఆవిడ కళ్ళు చూసి మానేసింది. పాట అయ్యేదాకా దుర్గ బయటికి రాలేదు. వచ్చినప్పుడు ముఖాన నవ్వుంది. అందరికీ తనే పసుపు కుంకుమ పంచింది, రాణిగారితో సెల్ఫీ దిగింది, సీరియల్‌లో కోడలు ఎప్పుడు తిరగబడుతుందని అడిగినవాళ్ళకి సరదాగా జవాబులు చెప్పింది. భోజనానికి ఆగమంటే, షాటుంది వదినా అని వెళ్ళిపోయింది.

ప్రసాద్ గారు మధ్యాహ్నం దుకాణం నుంచి వచ్చి, "మా చెల్లి మొదటి పోటు వేసిందా?" అని అడిగారు. మీనాకుమారి కంచంలో అన్నం వడ్డిస్తూ, "దానికి షూటింగ్ ఉంది, వెళ్ళిపోయింది," అంది. అడిగిందానికి అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు. ఆయన పెరుగన్నం తినకుండా లేచారు.

సాయంత్రం సత్యకుమారి తలుపు వెనక స్టూలు తీస్తూ అంది. "నా సంగతి వేరు. మీ మావయ్య నిజంగానే పోయాడు. ఆ పిల్ల మొగుడు పొద్దున్నే నాకు ఫోన్ చేసి మోకాళ్ళ నెప్పి ఎలా ఉందని అడిగాడే. బతికున్నవాణ్ణి పట్టుకుని మీరిలా చేశారేంటి?"

అసలు సత్యకుమారి సంగతి మాత్రం వేరెందుకయిందని మీనాకుమారికి అప్పుడే మొదటిసారి అనిపించింది. దీపం పెడుతూ దేవుడివైపు చూస్తే, వేషమేగా అన్న తన మాటే వినపడింది.

*

శుభలేఖలు ఇచ్చే నెపంతో మీనాకుమారి రాజమండ్రి బయలుదేరింది. దంచగా మిగిలిన పసుపుకొమ్ములు కొన్ని కొత్తగుడ్డలో మూటకట్టి సంచిలో పెట్టుకుంది.

బంగళా నిండా వైర్లు, లైట్లు. హాల్లో గోడ మీద దండ వేసిన పెద్ద ఫొటో. ఆ ఫొటోలో మనిషి దాని కిందే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉప్మా తింటున్నాడు. మీనాకుమారి ఉలిక్కిపడితే ఆయన లేచి, "దుర్గగారి భర్తనండి. ఫ్లాష్‌బ్యాక్ ఉందని పిలిచారు," అన్నాడు. వెంటనే సర్దుకుని, "సీరియల్లోనండి," అన్నాడు.

దుర్గ తెల్లచీరలో షాటు చేస్తోంది. మీనాకుమారి ఓ మూల నిలబడి చూసింది. షాటు అయిందనగానే మేకప్ చేసే అమ్మాయి పరిగెత్తుకొచ్చింది. కుర్చీ కాదు, నీళ్ళు కాదు, ముందు కుంకుమ భరిణె తీసింది. విబూది తుడిచి బొట్టు పెట్టింది. దుర్గ జాకెట్టు లోపల పిన్నీసుతో గుచ్చి దాచుకున్న మంగళసూత్రాలు బయటికి తీసి కళ్ళకద్దుకుంది. అప్పుడే మంచినీళ్ళడిగింది.

"ప్రతి షాటుకీ ఇంతేనండి," అంది మేకప్ అమ్మాయి. "మొదటి రోజే డైరెక్టర్ గారికి చెప్పేశారట. తాళి తియ్యను, దాచుకుంటాను, షాటు అవగానే బొట్టు పెట్టాలి, లేకపోతే వేషం వద్దని."

దుర్గ వదినని చూసింది. ఆశ్చర్యపోలేదు. బంగళా వెనక మెట్ల మీద కూర్చోబెట్టి కాఫీ తెప్పించింది. ఎదురుగా గోదావరి నిండుగా పోతోంది.

"దుర్గా, ఆ రోజు..." అని మీనాకుమారి మొదలుపెట్టింది.

"వెళ్ళి చూశాను వదినా," అంది దుర్గ. "పొయ్యి వెలిగించనే లేదు."

మీనాకుమారి తల దించుకుంది.

"గిన్నె కూడా లేదు పొయ్యి మీద. అక్కడే నిలబడ్డాను. పాట వినపడుతోంది. బయటికి ఎప్పుడు రావాలో తెలియలేదు. షూటింగులో అయితే ఎవరో ఒకరు చెప్తారు కదా." కాఫీ చల్లారబోసుకుంది. "ఊళ్ళోవాళ్ళు అంటే నవ్వేదాన్ని. వేషమేగా అన్నది నువ్వు. ఆ మాట పట్టుకునే ఇన్నేళ్ళూ రోజూ ఆ చీర కట్టాను."

"పెళ్ళివాళ్ళకి భయపడ్డానమ్మా. పిల్లకేమైనా అవుతుందేమోనని కూడా భయపడ్డాను. తప్పే. తలంబ్రాల బియ్యం నువ్వే కలపాలి. మంగళస్నానానికి నూనె నువ్వే పెట్టాలి. అన్నీ నీ చేతనే చేయిస్తాను."

"పెళ్ళికి సెలవు అడిగి పెట్టుకున్నాను వదినా. ఆ రోజు పాలకొల్లు నుంచి తిరిగొస్తూ కారులోంచే ఫోన్ చేసి సెలవు వద్దని చెప్పేశాను. ఆ తేదీకి వాళ్ళు కోరుకొండ గుడి దగ్గర పెద్ద సీను పెట్టుకున్నారు. అందరి డేట్లూ తీసుకున్నారు, గుడివాళ్ళ అనుమతి తెచ్చారు. ఇప్పుడు నేను రానంటే యూనిట్టంతా ఆగిపోతుంది."

"మీ అన్నయ్యకేం చెప్పను?"

"షూటింగ్ ఉందని చెప్పు. ఎప్పుడూ చెప్పేదేగా." దుర్గ నవ్వడానికి చూసింది. "అమ్మ పోయినప్పుడూ అదే చెప్పారు కదా అందరికీ. అప్పుడూ నిజమే, ఇప్పుడూ నిజమే."

లోపలి నుంచి షాటు రెడీ మేడమ్ అని పిలిచారు. మీనాకుమారి సంచిలోంచి మూట తీసి ఆమె ఒళ్ళో పెట్టింది. "మిగిలిన కొమ్ములు. నీ వంతువి."

"అక్కడ పసుపు దంచడం అయిపోయింది వదినా. ఇవి నేనేం చేసుకోను?" అంది దుర్గ. అన్నది గానీ మూట తిరిగి ఇవ్వలేదు. బొట్టు తుడిపించుకుని, సూత్రాలు లోపల దాచుకుని లైట్లలోకి వెళ్ళిపోయింది.

*

పెళ్ళికి ముందు రోజు సాయంత్రం ఇల్లంతా చుట్టాలు. పందిట్లో అరటి చెట్లు కడుతున్నారు. హాల్లో ఆడవాళ్ళు పూలు కడుతూ టీవీ పెట్టుకున్నారు. సీరియల్ సమయం అయింది. రాణిగారు కూడా చీరల సంచీ ఇవ్వడానికి వచ్చి కూర్చున్నారు. ఆ పూట సత్యకుమారిని మీనాకుమారే చేయి పట్టుకుని తీసుకొచ్చి అందరి ముందూ కుర్చీలో కూర్చోబెట్టింది. చూపు ఆనదని ఆవిడ కుర్చీ టీవీకి దగ్గరగా జరుపుకుంది.

తెరమీద తెల్లచీర అత్తగారు కోడలి నగల పెట్టె మూత వేస్తోంది. చేయి దగ్గరగా చూపించారు.

"విధవరాలి గోళ్ళకి పసుపేంటే?" అంది సత్యకుమారి.

అందరూ చూశారు. వేళ్ళ సందుల్లో, గోళ్ళ చుట్టూ పచ్చగా ఉంది. కడిగినా పోని పచ్చదనం. రోట్లో పసుపు దంచిన చేతికి తప్ప అలా పట్టదు.

"ఈ టీవీ వాళ్ళకి చూసుకునే మనుషులుండరాండి?" అని రాణిగారు నవ్వారు. ఇంకొందరు నవ్వారు. శ్రీదివ్య నవ్వలేదు. తన చేతులు ఒళ్ళో పెట్టుకుని తెరమీద ఆ చేతులకేసే చూస్తూ ఉండిపోయింది. చివరికి తల్లివైపు తిరిగి, "అమ్మా, అత్త దంచింది కదూ," అంది.

అందరూ మీనాకుమారివైపు చూశారు. ఆవిడ చేతిలో పూలు కింద పెట్టింది.

"పాలు పొంగుతాయేమో చూసొస్తాను," అని లేచి వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యి వెలిగించి లేదు. ఆవిడ అక్కడే నిలబడింది. హాల్లో సీరియల్ పాట అయ్యేదాకా బయటికి రాలేదు.