చూపించిన చేను

పొదిలి కోర్టు వరండాలో ఎండ గుమ్మం దాకా వచ్చేసింది. జానీబీ గోడకి ఆనుకుని కాళ్లు మార్చుకుంటూ నిలబడింది. పొద్దుటి నుంచి ఆమె కేసు పిలవలేదు. లోపల ఫ్యాను కింద విత్తనాల కొట్టు నాగభూషణం సోడా తాగుతున్నాడు. ముద్దాయి అతనే. అయినా అతనికి కుర్చీ వేసింది కానిస్టేబులే.

ఆమె పెట్టుకున్న లాయరు ఆత్రేయ చెమట తుడుచుకుంటూ వచ్చాడు.

"రాజీ పడదామమ్మా. విత్తనాల డబ్బు వెనక్కిస్తానంటున్నాడు."

"విత్తనాల డబ్బా? మరి పోయిన పంట?"

"చెట్టు కాయనంత మాత్రాన కోర్టు దాన్ని మోసం అనదు. అమ్మేనాడే నిన్ను ముంచాలని అతని మనసులో ఉన్నట్టు చూపించాలి. లేకపోతే సివిల్ గొడవంటారు."

ఆనాడు అతని మనసులో ఏముందో జానీబీకి తెలుసు. మూడేళ్ల కిందట చలికాలంలో నాగభూషణం ఆమెనీ, భర్త బుడేనీ కారెక్కించుకుని రోడ్డు పక్క మిరపచేను చూపించాడు. చేనంతా ఎర్రగా కాసి ఉంది. "మన కొట్లో విత్తనమే. నా సొంత చేలో ఏయించా," అని పండుకాయ తెంపి ఆమె చేతిలో పెట్టాడు. ఆ మాట నమ్మి రెండెకరాల కౌలుచేలో అదే విత్తనం వేశారు. మొక్కలు నడుమెత్తు పెరిగాయి. ఒక్క కాయ నిలవలేదు. బుడే వాటిని పీకి గట్టున పోసి, పిడుగురాళ్ల సున్నపు బట్టీలకి కూలికి పోయాడు. ఇప్పుడు అన్నం తింటూ కూడా దగ్గుతాడు.

ఆ ఎర్రచేను పండించింది కోటిరత్నం. భూమి నాగభూషణానిది, కౌలు ఆమెది. మరుసటి ఏడు కాయ కోతల్లో ఆమే జానీబీ చెయ్యి పట్టుకుని ఏడ్చింది. "నేనేసింది గుంటూరు నించి తెచ్చిన వేరే విత్తనం అక్కా. నా చేను చూపిచ్చి మిమ్మల్ని ముంచుతాడని నాకేం తెలుసు?"

ఆ కోటిరత్నమే ఇవాళ సాక్షి. నాగభూషణం కారులోనే వచ్చింది. జానీబీ వైపు చూడలేదు.

"ఆమె చెప్పదమ్మా," అన్నాడు ఆత్రేయ. "చెబితే వచ్చే ఏడు ఆమెకి కౌలు ఉంటదా?"

నాగభూషణం నవ్వుతూ బయటికి వచ్చాడు. "ఏం జానీబీ, మనలో మనకి కోర్టులేందక్కా? సంతకం పెట్టు. ఈసారి మంచి విత్తనం నేనే ఇప్పిస్తా."

కేసు పెట్టిన రోజు పోలీసు స్టేషను మెట్ల మీదా ఇదే నవ్వు, అక్కా అన్న ఇదే పిలుపు. అతను పక్కకి తిరగ్గానే జానీబీ గోడ పక్కన ఉమ్మేసింది.

కేసు పిలిచారు. మేజిస్ట్రేటు రాజీ కాగితం ముందుకు తోశారు. "మీ ఇష్టంతోనే రాజీ పడుతున్నారా?"

ఆత్రేయ ఆమె మోచెయ్యి తాకాడు.

"లేదండి," అంది జానీబీ. ఆ గొంతు తనదేనా అనిపించిందామెకి. "తెలీక ఇచ్చుంటే నేనే ఇంటికి పోయేదాన్ని. వేరే విత్తనం ఏసిన చేను చూపిచ్చి నమ్మిచ్చాడండి. రాజీ నాకొద్దు."

ఆత్రేయ తల వంచుకున్నాడు. మేజిస్ట్రేటు కాగితం పక్కన పెట్టి సాక్షిని పిలవమన్నారు.

కోటిరత్నం బోనెక్కి ప్రమాణం చేసింది. సర్కారు లాయరు అడిగాడు. "ఆ ఏడు మీ చేలో వేసింది ఎవరి విత్తనం?"

నాగభూషణం గట్టిగా గొంతు సవరించుకున్నాడు. కోటిరత్నం అతని వైపు చూసింది. తర్వాత జానీబీ వైపు చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"గట్టిగా చెప్పాలమ్మా," అన్నారు మేజిస్ట్రేటు.

ఆమె కొంగు కిందికి దించింది.