పోయినవాళ్లు పెడితే తినకూడదు

బస్టాండులో నడుస్తున్న వీరభద్రం కాళ్ల కింద సిమెంటు నేల మెల్లగా ఇసుకవుతోంది, ఇసుక తడిసి గోదారి రేవవుతోంది, ఆ రేవులో కిందటేడు పోయిన పెళ్లాం నూకరత్నం ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుని ఉడకబెట్టిన గుడ్డు వొలుస్తోంది. "ఇదుగో మావా, తిను" అంటోంది.

వీరభద్రం తింటాడా! పోయినవాళ్లు కల్లో ఏం పెట్టినా ముట్టకూడదనీ, ముట్టినవాడు వాళ్ల వెంటే పోతాడనీ తెలియనంత వెర్రివాడేం కాడు. "నన్ను తీసుకుపోదామనే వచ్చావు కదే?" అంటాడు దూరంగానే నిలబడి.

"నీ మొహం! ముందు నీ కాళ్లు చూసుకో."

చూసుకుంటే, మిల్లులో ధాన్యం బస్తాలు మోసిన ఆ తొడలు ఎండుకట్టెల్లా ఉన్నాయి. "షుగరు తగ్గి సన్నబడ్డాను, అందరూ మెచ్చుకుంటున్నారు" అంటాడు పౌరుషంగా.

"నన్నూ మెచ్చుకున్నారు. షుగరని భయపడి గుడ్డు మానేశాను, పప్పు మానేశాను, గ్లాసుడు జావతో సరిపెట్టుకున్నాను. కూర్చున్నచోటే కూర్చున్నాను. ఒంట్లో కండంతా కరిగిపోయింది."

"కాదు! కోడలు స్నానాలగదిలో సబ్బునీళ్లు ఒంపింది, నువ్వు జారిపడి పోయావు. ఇప్పుడు షుగరు మనిషినైన నాకు, నేను ముట్టకపోయినా, రోజూ గుడ్డు పెడుతోంది. ఎందుకంటావు?"

"ఎందుకేంటి, డాక్టరు పెట్టమన్నాడు కనక. ఆ రోజు నేల పొడిగానే ఉంది మావా. పీట మీంచి లేవబోయాను, కాళ్లు లేవనివ్వలేదు, పడ్డాను. ఏడాదిగా ఆ పిల్లతో మాట మానేశావు, పాపం కాదూ?"

వీరభద్రానికి ఒళ్లు మండుతోంది. చచ్చి ఏ లోకాన ఉన్న మనిషినైనా తనవైపు తిప్పేసుకుందే ఈ కోడలు, ఎంత గడుసుదో! ఇంతలో చూస్తే నిలబడ్డది నూకరత్నం, కుర్చీలో ఉన్నది వీరభద్రమే.

"చేతులు ఆనించకుండా లే, నీకే తెలుస్తుంది."

"లేవను. లేస్తే నీ వెంట వచ్చినట్టే" అని అరుస్తూ కళ్లు తెరుస్తాడు.

తెల్లారింది. మంచం మీద లేచి కూర్చుని, ఇప్పుడు చూసేవాళ్లెవరూ లేరు కదా అని, చేతులు ఆనించకుండా నిలబడబోతాడు. తొడలు వణుకుతాయి గానీ ఒళ్లు లేవదు. మళ్లీ ప్రయత్నిస్తే పట్టు తప్పి కింద చతికిలబడతాడు. భయంతో అరచేత్తో నేలంతా తడుముతాడు. ఎక్కడా తడి లేదు.

"అమ్మా చక్రవేణీ" అని ఏడాది తరవాత మొదటిసారి కోడల్ని పిలుస్తాడు. "ఓసారి వచ్చి నన్ను లేపమ్మా."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోతుంది.